కోటి ఎడ్లు, సుభానీ బస్సు

ఒకరిని చూసి ఓర్వలేనివాణ్ణి కళ్లలో నిప్పులు పోసుకున్నాడంటారు. కారంపూడి కోటికి పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి ఆ నిప్పులేవో చెవుల్లోనే పోసుకున్నాడు. సుభానీ పేరు వినబడితే చాలు, భగ్గుమనేవాడు.

ఇద్దరూ నరసరావుపేటలో శివపార్వతి మేడం దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లే. వీళ్లిద్దరి లాగే ఆవిడకూ చూపు లేదు. తెర మీద ఉన్నదంతా కంప్యూటరే చదివి వినిపిస్తుంటే, ఆ గొంతు వింటూ పని చేసుకోవడం ఎందరికో నేర్పింది. తర్వాత కోటికి బ్యాంకులో ఉద్యోగమొచ్చింది. సుభానీ గురజాలలో రీచార్జి కొట్టు పెట్టుకున్నాడు. చూపులేనివాళ్లు చెవులతో ఆడుకునే కంప్యూటర్ ఆటలు తయారుచేయడం మాత్రం ఇద్దరికీ పిచ్చి.

కోటి ఆట ఎడ్ల బండలాగుడు. వాళ్ల నాన్న పందేలకు తోలిన జత అడుగులనే రికార్డు చేసి పెట్టాడు. కుడి చెవిలో ఒకెద్దు, ఎడమ చెవిలో ఒకెద్దు. వెనకబడిన దాన్ని కీ నొక్కి అదిలించాలి. బండ నేలను ఒరుసుకుంటూ పోతుంటే పళ్లు జివ్వుమంటాయి. సుభానీది మాచర్ల బస్సు. స్టేజీ పేరు విని టిక్కెట్ కొట్టాలి, అంతే. బస్సు చప్పుడు అచ్చం పిండిమర చప్పుడే. అయినా చూపులేని పిల్లలంతా ఆ పిండిమరనే ఎక్కి తిరుగుతున్నారు. కోటి ఎడ్లను కొత్త ల్యాప్‌టాపులున్న నలుగురైదుగురు మెచ్చుకున్నారు తప్ప, ఇంకెవడూ అడిగిన పాపాన పోలేదు. ఏం మందు పెట్టాడు వీడు వాళ్లకి?

ఉండబట్టలేక పేటకు వెళ్లి మేడాన్నే అడిగాడు. చానా బాగుంది నాయనా, అందావిడ. ఎడమెద్దు నడక ఎట్లా ఉంది మేడం, అని ఆశగా అడిగాడు కోటి. ఇక దాచలేక ఆవిడ నిజం చెప్పేసింది.

"నొచ్చుకుంటావని చెప్పలేదు నాయనా. నీ ఆట మా క్లాసులో తెరుచుకోనే లేదు. ఇక్కడుండయ్యన్నీ ఎవరో వాడి వదిలేసిన పాతవి."

కోటికి తల కొట్టేసినట్టయింది. కంప్యూటర్లు మార్చుకోండి అనేసి వచ్చేశాడు. బస్సెక్కాక, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వ్యవహారం అనుకున్నాడు. అదే ఓటి మద్దెల మీద సుభానీ ఎట్లా వాయిస్తున్నాడు? ఆ కిటుకేదో లాగాలని గురజాల వెళ్లాడు.

సుభానీ నవ్వాడు. "కిటుకేందిరా? నాకుండేదే పాతది. దీంట్లో ఆడకపోతే ముందు నాకే ఆడదు."

స్విచ్ వేశాక ఆ కంప్యూటర్ లేచేలోపు సుభానీ భార్య టీ కాచి తెచ్చింది, ఇద్దరూ తాగేశారు కూడా. అప్పుడు సుభానీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "నీ ఎడ్లను నేనింతవరకు వినలేదురా. ల్యాప్‌టాపులుండోళ్లు పొగుడుతుంటే కడుపు మండేది. వాడికేం, కొత్తది కొనుక్కున్నాడు, ఎన్నైనా చేస్తాడని తిట్టుకునేవాణ్ణి."

ఇన్నాళ్లూ తను కుళ్లుకున్న ఆ గొప్ప, లేమిలోంచి పుట్టిందని తెలిశాక కోటి మంట చల్లారాలి కదా? చల్లారలేదు. లేనివాడు చేసింది ఉన్న నేను చేయలేకపోయానే అని ఇంకాస్త ఎగసింది.

ఆ పంతంతోనే ఆదివారాలన్నీ గురజాలలో గడిపాడు. పాత కంప్యూటర్ మోయలేని హంగులన్నీ ఇద్దరూ కలిసి పీకేశారు. జనం ఈలలు పోయాయి, మైకులో అరిచేవాడు పోయాడు, బండ చప్పుడు సగానికి సగం తగ్గింది. ఎడమెద్దు అడుగుల మీద మాత్రం కోటి చేయి వేయనివ్వలేదు. ఎందుకురా అంటే, అవి అట్లాగే ఉండాలన్నాడు.

చివరికి ఆట తెరుచుకుంది. సుభానీ హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఆడుతుంటే కోటి పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు. పందెం మధ్యలో సుభానీ కీల మీంచి చేతులు తీసేశాడు.

"ఒరేయ్, ఎడమెద్దు కుంటుతుంది గదరా. ముందుకాలు. ఎందుకు తోలారు దాన్ని?"

"కుంటు వచ్చాక పందేనికి తోలలేదురా. నాన్న దాన్ని అమ్మేసే ముందు ఊరికే నడిపించి రికార్డు చేశా."

కొత్త ల్యాప్‌టాపుల్లో ఆడి శభాష్ అన్నవాళ్లలో ఒక్కడూ ఆ కుంటు పట్టుకోలేదు. ఎవరో ఒకరు వినకపోతారా అని కోటి అప్పట్నుంచీ కాచుకున్నాడు. తీరా విన్నవాడు వీడు!

గబుక్కున సుభానీ చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ, దొంగవెధవకి ఎంత మంచి చెవులిచ్చావయ్యా దేవుడా అని లోపల కుళ్లుకుంటూనే ఉన్నాడు.