గ్లాసుల ఊరగాయ

ఎవరైనా పప్పులో కాలేస్తారు. నేను ఉప్పులో వేశాను.

డిష్‌వాషర్ బిగించడానికి వచ్చినతను దాని అడుగున ఉన్న మూత తీసి చూపించి, "ఇందులో ఉప్పు పొయ్యాలండీ" అన్నాడు. దానికి వేరే ఉప్పు ఉంటుందని కూడా చెప్పాడట. నేను అంతదాకా వినలేదు. అతనిచ్చిన ప్యాకెట్టు అట్టపెట్టెతో పాటు పాత సామాన్లవాడి బండెక్కింది. ఆవకాయ రోజులు కనక వంటింట్లో రాళ్ళ ఉప్పు సంచీ సిద్ధంగా ఉంది. ఉప్పు ఉప్పే కదా అని దోసిళ్ళతో పోశాను.

"వాసెన కూడా కడతారా, గుడ్డ ఇవ్వనా?" అంది మా ఆవిడ.

అక్కడితో ఆగినా బాగుండేది. అమ్మ గ్లాసులు కూడా అందులో పెట్టాను.

అమ్మ వాటిని వన్‌టౌన్‌లో గాజు సామాన్ల కొట్లో కొంది. పల్చటి గాజు, ఒంటి మీద ద్రాక్షగుత్తి, అంచుకి వెంట్రుకంత బంగారు గీత. వేసవిలో చుట్టాలొస్తే సుగంధి షర్బత్ వాటిలోనే పోసేది. మిగతా రోజులు అవి బీరువా అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ ఉండేవి. మేం స్టీలు గ్లాసుల్లో తాగుతూ వాటిని చూస్తూ ఉండేవాళ్ళం.

కడగడం ఎవరికీ అప్పజెప్పేది కాదు. సత్తు బేసిన్లో పాత చీర ముక్క పరిచి, బిందెలో తేరిన కాలవ నీళ్ళు పోసి, కుంకుడు నురగతో ఒక్కొక్కటే కడిగేది. ముందు చేతి గాజులు మోచేతి దాకా నెట్టుకునేది. "గాజుకీ గాజుకీ పడదురా" అనేది. తుడిచిన గ్లాసుల్ని మధ్యలో వేలు పట్టేంత ఎడం ఉంచి బోర్లించేది. ఎప్పుడైనా చుట్టాలకి వాటిలో వేడి పాలిచ్చినా, గ్లాసు చల్లారితే గాని దానికి నీళ్ళు తగలనిచ్చేది కాదు.

అమ్మ పోయాక అక్క వాటిని నాకే వదిలేసింది. అడిగితే సగం తనవే. "నీ దగ్గరే ఉండనీ. ఎండాకాలం నేనొచ్చినప్పుడు వాటిల్లో షర్బత్ పొయ్యి, చాలు" అంది. ఏటా కంకిపాడు నుంచి వచ్చేది. గ్లాసు పెదవికి ఆనించి, తాగకుండా ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణంలో తను ఎక్కడికి వెళ్ళొచ్చేదో నాకు తెలుసు.

ఆ ఏడు అక్కా బావగారూ బయల్దేరామని ఫోను చెయ్యగానే, గ్లాసుల్ని తళతళలాడించి అక్కని మురిపించాలని నాకు ఉబలాటం పుట్టింది. మెషీను కింది అరలో కుక్కరు పక్కన, పెళ్ళిళ్ళ రోజుల్లో గన్నవరం బస్సెక్కిన జనంలా, ఒకదాన్నొకటి ఒరుసుకునేట్టు కుక్కేశాను. వేడి ఎంత పెరుగుతుందో అంతా పెంచాను. ఆగిన వెంటనే తలుపు తీశాను. ఆవిరి పోయింది గాని గ్లాసుల మీద తెలుపు పోలేదు. నా ఉప్పులో ఉన్న మట్టీ మశానమూ మెషీను గొంతుకి అడ్డం పడితే, అది ఆపాల్సిన మా బోరునీళ్ళలోని సున్నమంతా గ్లాసులకి పట్టిందని తర్వాత తెలిసింది. అప్పటికప్పుడు తెలిసింది మాత్రం అక్కావాళ్ళు గుమ్మంలో ఉన్నారని.

బావగారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. గ్లాసు ఎత్తి వెలుగులో చూశారు.

"ఏమోయ్ బావమరిదీ! నా కంట్లో తీసిన శుక్లం తెచ్చి వీటికి పెట్టావా?"

నీళ్ళు మంచివి కావని ఏదో నసిగాను. అసలు సంగతి బావగారికి ఉప్పందించింది మా ఆవిడే.

"ఉప్పేశావా! అయితే ఇది గ్లాసుల ఊరగాయ. ముక్క ఊరిందో లేదో కొరికి చూశావా?" అని ఆయన సోఫాలో పడి నవ్వారు. ఆ తర్వాత ఏ పెళ్ళిలో ఎదురుపడినా, భోజనాల దగ్గర పదిమంది మధ్య, "మా బావమరిదికి ఊరగాయ వడ్డించకండయ్యా, ఇంట్లో సొంతంగా పెడతాడు" అనేవారు. బావగారు కదా, ఆ హక్కు పెళ్ళిపీటల మీదే రాయించుకున్నారు.

అక్క మాత్రం నవ్వలేదు. అంచు చుట్టూ వేలు తిప్పి, "గీత పోయిందిరా" అంది. ఆ రోజు షర్బత్ స్టీలు గ్లాసులో తాగింది. ఆగకుండా తాగేసింది.

బావగారి నవ్వు నాకు అరిగింది. ఆ తాగడం అరగలేదు.

వాళ్ళు వెళ్ళాక బేసిన్లో పాత పంచె ముక్క పరిచాను. చింతపండు పులుసులో గ్లాసుల్ని నానబెట్టి ఒక్కొక్కటే రుద్దాను. ద్రాక్షగుత్తులు మెల్లగా బయటపడ్డాయి. బంగారు గీత మాత్రం రాలేదు. మెషీన్ని బాగుచేయించి దాని ఉప్పు దానికి పోశాను. ఇప్పుడు మామూలు గ్లాసులు పై అరలో, ఎడంఎడంగా, తక్కువ వేడిలో మునుగుతాయి. చల్లారాకే తలుపు తీస్తాను. చూడబోతే అంతా అమ్మ పద్ధతే, కరెంటు బిల్లొకటి అదనం. అమ్మ గ్లాసులు మాత్రం మళ్ళీ మెషీను గడప తొక్కలేదు.

మరుసటి ఎండాకాలం అక్కావాళ్ళు వచ్చారు. షర్బత్ కలిపి ట్రేలో తెచ్చాను. అక్క తన గ్లాసు అటూ ఇటూ తిప్పి చూసి పెదవికి ఆనించింది. ఆగింది. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపే ఆగింది. తాగి, "ఇంకొంచెం పొయ్యరా" అంది.

అప్పుడు బావగారి గ్లాసు ఆయన చేతికిచ్చాను. గ్లాసులన్నిట్లోకీ దానికొక్కదానికే చింతపండు తగలనివ్వలేదు. పోయినేటి తెలుపు చెక్కుచెదరకుండా ఏడాది పొడుగునా బీరువాలో, వెనక వరసలో, ఆయన కోసమే దాచాను.

ఆయన దాన్ని కిటికీ వైపు ఎత్తి కళ్ళు చికిలించారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇదేంటోయ్, అందరివీ బాగున్నాయి! ఇందులో ఏం పోశావో కూడా కనపడట్లేదు."

షర్బత్ పొలమారేంతగా నవ్వింది అక్క.

"షర్బతే బావగారూ," అన్నాను. "ఉప్పు వెయ్యలేదు."