రెండో కనుబొమ్మ

నిన్న, బుధవారం. నీళ్లు పట్టాను. పాలు కాచాను. రెండు టిఫిన్ బాక్సులు కట్టాను. బట్టలు నానబెట్టాను.

ఐదో పని మొదలుపెట్టేలోపు టేకులపల్లి నుంచి ఫోన్. పెయింటర్ కొమురయ్య కాక పోయాడు. నిద్రలోనే.

కాకను సాగనంపి రాత్రి తల్లాడకు తిరిగొచ్చేదాకా బట్టలు బకెట్‌లోనే ఉన్నాయి.

మా నాన్న బొగ్గుబాయిలో కార్మికుడు. సెలవు రోజుల్లో నాటకాల్లో సీత. ఆ ట్రూపుకు పరదాలు గీసింది కొమురయ్య కాకే.

నాన్న పోయిన ఏడాదికి కాక ఒక పెయింటింగ్ తెచ్చి ఇచ్చాడు.

తెర వెనక రేకు పెట్టె మీద నాన్న. కట్టీ కట్టని చీర. ఒళ్లో సవరం. చెవి సందున బీడీ. రంగేసిన మొహం మనవైపు ఎత్తి ఉంది.

ఒక కనుబొమ్మ లేదు.

"మర్చిపోయినవా కాకా?"

"మర్చిపోలే బిడ్డా. మా ట్రూపుల ఎవ్వడైనా ఒక్క కనుబొమ్మే దిద్దుకోవాలె. రెండోది దోస్తు దిద్దుతడు. ఒక్కడే స్టేజీ ఎక్కొద్దని. మీ నాయినకు నేనే దిద్దేది. చూడు, నా దిక్కే చూస్తుండు, జల్దీ కానియ్యరా అని."

అంత విని కూడా నేను దాన్ని గోడకు పెట్టలేదు.

అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులు. తాత ఆడవేషం చూసి వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని బీరువా వెనక పెట్టాను. హాల్లో నాన్న బాయి హెల్మెట్‌తో ఉన్న ఫోటో ఒక్కటే ఉంచాను.

కాక వచ్చినప్పుడల్లా ఆ గోడ చూసేవాడు. టీ తాగి వెళ్లేవాడు. ఒక్కసారే అడిగాడు, నవ్వుతూనే.

"ఏం బిడ్డా, సీతమ్మ ఇంకా అశోకవనంలనే ఉన్నదా?"

"పెడ్త కాకా."

"అవ్, పెట్టిననాడు నాకు చెప్పు. వచ్చి చూస్త."

అమ్మాయి పెళ్లయి మూడేళ్లయింది. ఇక భయపడడానికి ఏమీ లేదు. అయినా రేపు, ఎల్లుండి అంటూ జరిపాను. ఇంట్లో ఏ పనీ అలా వదలనిదాన్ని, ఇది వదిలేశాను.

ఈ పొద్దున బీరువా జరిపాను. ఫ్రేమ్ మీద దుమ్ము తుడిచాను. హెల్మెట్ ఫోటో పక్కనే మేకు కొట్టాను.

నాన్న ఇంకా నీ వైపే చూస్తున్నాడు కాకా. వెళ్లి ఆ రెండో కనుబొమ్మ దిద్దు. ఇద్దరూ చల్లగా, శాంతిగా ఉండండి.

పెట్టిననాడు చెప్పమన్నావు. పెట్టాను, చెప్తున్నాను.

నీకు బాకీ పడ్డ మాట ఈ రోజుతో తీరింది.