పేరు లేని అడ్రస్ నుంచి వెళ్లిన మెయిల్

2022 ఎండాకాలం. జగిత్యాలలో ఉంటూ చుట్టుపక్కల ఆఫీసుల మెయిల్ సర్వర్లు చూసుకునే పని నాది. కోరుట్లలో గల్ఫ్‌కు మనుషులను పంపే ఒక ఆఫీసుకు ఇంటర్నెట్ కంపెనీ, నెట్‌లో సర్వర్‌ను గుర్తుపట్టే పాత ఐపీ అడ్రస్‌ను వెనక్కి తీసుకుని, ఐపీవీ6 అనే కొత్తరకం పొడవాటి అడ్రస్ ఇచ్చింది. సర్వర్‌ను దాని మీదికి మార్చాను.

ఆ వారమే, ఆ ఆఫీసు ద్వారా దుబాయి వెళ్లాల్సిన రుద్రంగి ఊరి లచ్చన్న మెడికల్ రిపోర్టు అక్కడి కంపెనీకి చేరాలి. ఆఫీసు మెయిల్ నుంచి వస్తేనే వాళ్లు తీసుకుంటారు. ఎన్నిసార్లు పంపినా రాలేదన్నారు.

“గీ నెల దాటితే వీసా పోతది సారూ,” అన్నాడు లచ్చన్న.

ఆఫీసు యజమాని రాజన్న ఊరుకోలేదు, నాకు ముందు ఆ సర్వర్ చూసిన కుర్రాణ్ని గుర్తుచేశాడు. “పాత పిలగాడు ఉన్నప్పుడు గిట్ల ఎన్నడు కాలే.” ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సర్వర్ లాగ్‌లో కారణం కనిపించింది. మెయిల్ అందుకునే సర్వర్, పంపిన అడ్రస్ ఎవరిదని వెనక్కి తిరిగి అడుగుతుంది. దానికి జవాబు రివర్స్ డీఎన్ఎస్, అంటే ఆ అడ్రస్ ఫలానా పేరుదని చెప్పే నమోదు. దాన్ని ఇంటర్నెట్ కంపెనీయే రాయాలి. కొత్త అడ్రస్‌కు రాయలేదు. పైగా ఒక్కసారి పంపితే చూడరని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే కాగితం పంపడం రాజన్న ఆఫీసు అలవాటు. మొదట స్పామ్‌లో వేసిన అక్కడి ఫిల్టర్, చివరికి తలుపే మూసేసింది.

ఇంటర్నెట్ కంపెనీకి కంప్లయింట్ పెట్టాను. “మా లైన్ మంచిగనే ఉంది, మీ సర్వరే చూస్కోండ్రి,” అని అక్కడి ఒకాయన దాన్ని మూసేశాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ మూశాడు. నేను మాత్రం వదల్లేదు. చివరికి ఆ ఇంటర్నెట్ ఆఫీసు నుంచే సుజాత అనే ఇంజనీర్ ఫోన్ చేసింది.

“ఏందన్నా సంగతి? మొదటికెల్లి చెప్పున్రి.”

“విని మీరూ మూసేస్తరా?”

“మీరు మూయనిస్తరా?” అని నవ్వింది.

అంతా విని, ఆ సాయంత్రమే రివర్స్ డీఎన్ఎస్ రాయించింది. అవతలి ఫిల్టర్ మా మీద అనుమానం వదిలేదాకా, రెండు రోజులు ఏమీ పంపవద్దని కూడా చెప్పింది. రాజన్నకు అది మింగుడుపడలేదు. “పంపకుంటే ఎట్ల పోతది?”

మూడో రోజు ఒక్కటే మెయిల్ పంపాం. మధ్యాహ్నానికి రిపోర్టు అందిందని దుబాయి నుంచి జవాబు వచ్చింది. లచ్చన్న దాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. “పోయింది గదా సారూ,” అని నా చెయ్యి పట్టుకున్నాడు. నెల దాటకముందే విమానం ఎక్కాడు.

కొత్త అడ్రస్ ఎంత సక్రమమైనదైనా, దానికి పూచీ పడే మనిషి ఒకరు కావాలని ఆ కేసు నేర్పింది. ఇప్పుడు సిరిసిల్లలో ఏ బట్టల యూనిట్‌కు సర్వర్ పెట్టినా, మొదటి మెయిల్ పంపకముందే రివర్స్ డీఎన్ఎస్ రాయిస్తాను. ఆ పని మీద ఇంటర్నెట్ ఆఫీసుకు వెళ్తే, నా కంప్లయింట్లు మూసినాయన బల్ల ముందు నుంచే నడుస్తాను. ఆయన్ని పలకరించను. సుజాత దగ్గర కూర్చుని, టీ తాగి వస్తాను.