మామిడి కొత్తకు ముందు, అరకు బజారులో సుషి

ఈ ప్రయాణానికి కారణం విశాఖలో ఉద్యోగం చేస్తున్న నా మనవరాలు హరిణి. మొన్న చలికాలంలో నన్నొక పెద్ద మాల్‌లోని జపాను తిండి దుకాణానికి తీసుకెళ్ళింది. చల్లారిన అన్నాన్ని నల్లటి సముద్రపు నాచు రేకులో చుట్టి, ఎనిమిది ముక్కలు కోసి, పలక మీద పేర్చి తెచ్చారు. ‘చద్దన్నానికి ఇంత అలంకారమా’ అని పక్కకు నెట్టి, కాఫీ తాగి వచ్చేశాను. దారిలో హరిణి “తినకుండానే తిట్టావు అమ్మమ్మా” అంది. ముప్పై ఏళ్ళు విజయనగరంలో చరిత్ర పాఠం చెప్పినదాన్ని. చదవకుండా ఒక్క పేపరుకైనా మార్కులు వేసిన పాపాన పోలేదు. కాబట్టి ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మార్చి చివర్లో అదే మళ్ళీ ఫోన్ చేసి, “అరకులో ఒకమ్మాయి సుషి కొట్టు పెట్టిందట, వెళ్దామా?” అంటే, సరే, అప్పీలు విచారణ కొండ మీదే జరగనీ అనుకున్నాను.

విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరే కిరండూల్ రైలెక్కాం. మామూలు పెట్టెలో వందలోపే అయిపోతుంది. అద్దాల పెట్టె కావాలంటే ఏడెనిమిది వందలు పెట్టి నెల ముందే కొనుక్కోవాలి. నా లెక్కలో కొండ రెండు పెట్టెలకూ ఒకటే కనిపిస్తుంది. కుడివైపు కిటికీ మాత్రం పట్టుకోండి, లోయలన్నీ అటే. టైడా దాటాక సొరంగాలు మొదలవుతాయి, యాభైకి పైగా ఉన్నాయి. ప్రతి సొరంగంలోనూ కాలేజీ పిల్లలు కేకలు పెడతారు. మొదటి పదింటికీ ఓర్చుకోండి, ఆ తర్వాత వాళ్ళ గొంతులే పోతాయి. బొర్రాలో సగం పెట్టె ఖాళీ అయింది, మిగతా దారి హాయిగా కాళ్ళు చాపుకున్నాం. పదకొండు దాటుతుండగా అరకులో దిగాం.

స్టేషన్ బయట ఆటో అబ్బాయి మమ్మల్ని చూడగానే “ఏటి మామ్మా, మ్యూజియమా, కాఫీ తోటలా?” అన్నాడు. హరిణి “సుషి కొట్టు” అంది.

“సుషీయా? ఓ, ఆ అన్నం సుట్టల కొట్టా! కాసులమ్మది. బేగి ఎక్కండి, బాంకోళ్ళు బోజనానికొచ్చెత్తే కుర్సీ దొరకదు.”

“నువ్వు తిన్నావా?” అన్నాను.

“తిన్నాను మామ్మా. తిన్నప్పుడు కడుపు నిండినట్టే ఉంటాది. స్టేషన్‌కొచ్చేసరికి మళ్ళీ ఆకలేత్తాది.”

యాభై రూపాయలు తీసుకుని బజారులో దింపాడు. కొట్టు ‘బిజినెస్ ఏరియాలో’ ఉందని హరిణి ఫోన్ చెప్పింది. అరకులో బిజినెస్ ఏరియా అంటే రెండు బ్యాంకులు, వాటి ఎదురుగా కాఫీ పొడి కొట్లు, ఎరువుల దుకాణం, ఒక మందుల షాపు. ఆ మందుల షాపు పైన మేడమీదే మన జపాను. మోకాళ్ళున్నవాళ్ళకు మనవి: పద్దెనిమిది మెట్లు, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. ఎక్కలేకపోతే నొప్పి మాత్రలు కిందే దొరుకుతాయి.

పైన ఆరు బల్లలు, ఎదురుగా తెరిచి ఉన్న వంటగట్టు. గోడ మీది పట్టికలో సుషితో పాటు మోమోలు, నూడుల్స్, నిమ్మగడ్డి వేసిన థాయ్ సూపు ఉన్నాయి. ఎనిమిది ముక్కల సుషి నూట ఎనభై. గట్టు వెనక ఉన్న కాసులమ్మకు ముప్పై లోపే ఉంటాయి, సన్నగా, జుట్టుకు వలటోపీ. హైదరాబాదులో ఐటీ ఆఫీసుల మధ్య ఉన్న ఒక సుషి రెస్టారెంట్లో ఏడేళ్ళు పనిచేసి, కిందటి వానాకాలం వచ్చి ఈ కొట్టు తెరిచిందట. తోడు జమున అనే అమ్మాయి. ఇద్దరిదీ అరకు దాటాక కొండెక్కితే వచ్చే ఒకే ఊరు.

“పచ్చి చేప పెడతావా?” అని ముందే అడిగేశాను.

“లేదు మామ్మగారూ. ఇక్కడ కరెంటుని నమ్మి సేపని ఐసులో ఎడితే, తిన్నోళ్ళని నేను ఆసుపత్రికి మొయ్యాలి” అంది, చెయ్యి ఆపకుండా.

ముందు వెదురు కొమ్ముల రోల్ వచ్చింది. వానల్లో కోసి ఎండబెట్టి దాచిన కొమ్ముల్ని నానబెట్టి, కొంచెం పొగ చూపించి, పుట్టగొడుగుతో కలిపి లోపల పెట్టింది. కొండ వరి అన్నం. ముద్దగా అంటుకునే ఉంది, కానీ పళ్ళ కింద గింజ గింజగా తెలుస్తోంది. చల్లగా లేదు, చేతి వెచ్చదనంలో ఉంది. నాచు పెళపెళ విరిగి, దాని వెనక పొగ వాసన వచ్చింది. నేను వరసగా మూడు ముక్కలు తినేశాను. హరిణి పలక నావైపు జరిపింది. విశాఖలో నేను అవతలకు నెట్టింది ఈ వంటనేనా అని మనసులో కొంత సిగ్గుపడ్డాను. పైకి మాత్రం “పర్వాలేదు” అన్నాను.

తర్వాత కాసులమ్మ అడక్కుండానే ఇంకో పలక తెచ్చి పెట్టింది. సుషి అన్నంలో మామూలుగా కలిపే సిర్కాకు, అంటే వెనిగరుకు, బదులు పచ్చి మామిడి రసంతో పులుపు పట్టించిన అన్నం, మధ్యలో కాల్చిన కోడిమాంసం, పైన మామిడి తురుము. “ఇది ఇయ్యాల్టికి డబ్బులొద్దు మామ్మగారూ. ఎలగుందో సెప్పండి, సాలు” అంది. ఒకటి తిన్నాను.

“ఇది పులుపు కాదమ్మాయ్, వగరు. ఉప్పు కూడా తురుములోనే ఆగిపోయింది. నువ్వు రుచి చూశావా?”

“లేదండి.”

“జమునా?”

“అదీ సూడలేదు.”

నాకు ఒళ్ళు మండింది. వంట చేసినవాళ్ళు నోట్లో వేసుకోకుండా ఎవరి ముందైనా పెడతారా అని మొదలుపెట్టి, టీచరు గొంతుతో నాలుగు మాటలు అన్నాను. ఆ అమ్మాయి అన్నీ విని, తడి చేతులు తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మామిడి కొత్త ఇంకా కాలేదు. ఆ పండగనాడు ఊరి పూజారి తొలి మామిడికాయను దేవతకు పెడతాడు. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ కొత్త కాయను నోట పెట్టరు. దానికింకా తొమ్మిది రోజులుంది. కానీ కొండ మీద కొత్తగా వచ్చిన రిసార్టు మేనేజరు ఇవాళ ఒంటిగంటన్నరకు వస్తున్నాడు. కిందటిసారి వచ్చి, అన్నంలో సిర్కా వాసన ఎక్కువైంది, ఇక్కడిదైన పులుపు ఏదైనా చూడమన్నాడట. అతను ఒప్పుకుంటే రోజూ పాతిక మందికి భోజనం పంపే పని దొరుకుతుంది. ఒప్పుకోకపోతే కొట్టు నిలబడదు. హైదరాబాదులో పాత ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది, నెలాఖరులోపు వస్తావో రావో చెప్పమన్నారట.

“మరి తిన్నవాళ్ళని అడగలేకపోయావా?”

“బాంకు బాబుల్ని అడిగాను మామ్మగారూ. ఆళ్ళు ఏటెట్టినా బాగుందనే అంటారు. మీరు మెట్లెక్కినకాడ్నించీ తిడతన్నారు కదా, మీరైతే నిజం సెప్తారనిపించింది.”

హరిణి తన థాయ్ సూపు గిన్నెలో మొహం దాచుకుంది. నాకు కోపం రావాల్సింది, రాలేదు. యాభై ఏళ్ళుగా శ్రీరామనవమికీ, దసరాకీ నైవేద్యం పులిహోర నేనే కలుపుతున్నాను. ఒక్కసారి కూడా ముందు రుచి చూడలేదు. వాసన పట్టి, రంగు చూసి, చేత్తో కలిపినప్పుడు వేళ్ళకు తెలిసినదాన్ని బట్టి ఉప్పు వేస్తాను. నా ఇంట్లో అది ఆచారం, ఆ అమ్మాయి గట్టు మీద అయ్యేసరికి నిర్లక్ష్యం అయిపోయింది. చరిత్ర పాఠం చెప్పినదానికి ఇది సున్నా మార్కులు వచ్చే తప్పే.

అప్పటికి పన్నెండున్నర. “కాయలు చూపించు” అన్నాను. బుట్టలో కొత్తవలస సంత నుంచి తెప్పించిన కాయలు. తురమడానికి వీలుగా ఉంటాయని టెంక కట్టని లేతవి ఏరి వాడిందట. సిర్కా సీసాలో పులుపు రోజూ ఒకటే, కాయలో పులుపు కాయకో తీరు. లేతకాయలో వగరే ఎక్కువ. ఆ సంగతి నాలుక ఒక్క క్షణంలో చెప్పేది, ఆ నాలుకకే ఆమె తాళం వేసుకుంది. ముచిక విరిచి సొన వాసన చూడడం, కత్తి టెంకకు తగిలిన చప్పుడుతో ముదురు పోల్చడం చూపించాను. రెండో కాయకే పట్టేసింది. నాకు అది నేర్వడానికి మా అత్తగారి చేతిలో మూడు ఆవకాయ కాలాలు పట్టింది. జమున అన్నం మళ్ళీ వండింది. రసంలో ఉప్పు, చిటికెడు బెల్లం కరిగించి వేడివేడి అన్నం మీద పోసి, చెక్క గరిటెతో కోస్తున్నట్టు కలిపి విసనకర్రతో విసిరారు. బ్యాంకువాళ్ళు వచ్చి నూడుల్స్ తిని “బాగుంది” అని వెళ్ళిపోయారు. ఒంటిగంటా ఇరవైకి నేను ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. ఈసారి పులుపు గింజ లోపలికి దిగింది.

మేనేజరు సమయానికే వచ్చాడు. మడత నలగని చొక్కా, తక్కువ మాటలు. వెదురు కొమ్ములది తిని తలాడించాడు. మామిడిది రెండు ముక్కలు తిని, ఎదురు కుర్చీ చూపించి, “మీరూ కూర్చోండి, ఒకటి తినండి” అన్నాడు.

“నేను తిననండి” అంది కాసులమ్మ.

“మీ వంట మీరే తినరా?”

జమున చేతిలో గరిటె ఆగింది. నేను నోరు తెరిచాను, హరిణి బల్ల కింద నా కాలు తొక్కింది. కాసులమ్మ నిలబడే చెప్పింది, మామిడి కొత్త సంగతంతా.

“ఈ కాయలు మీ ఊరివి కావుగా?” అన్నాడతను.

“సెట్టు ఏ ఊరిదైతే ఏటండి, నోరు మాదే కదా.”

“మరి రుచి ఎవరు చూశారు?”

ఆమె నన్ను చూపించింది. అతను నావైపు తిరిగి, “మీరు వీళ్ళ బంధువులా?” అన్నాడు.

“కాదు బాబూ, తిట్టడానికి వచ్చాను. కుదరలేదు” అన్నాను.

అతను నవ్వలేదు. “ఒక్క ముక్క తింటే ఎవరు చూస్తారండీ?” అన్నాడు ఆమెతో.

“ఎవరూ సూడరు. సాయంత్రం ఇంటికెల్తే మా అమ్మ అడుగుతాది, తిన్నావేటని. ఏం సెప్పను?” అని, “మీకు ఇబ్బందయితే మామిడిది తీసెత్తాను. ఆర్డరు మీ ఇష్టమండి” అంది.

అతను పలకలో మిగిలినవన్నీ తినేశాడు. చెయ్యి తుడుచుకుని లేచి అన్నాడు: “వెదురు కొమ్ములది ఆదివారం నుంచి పాతిక మందికి పంపండి. మామిడిది మీరు తిన్న మర్నాటి నుంచి. రుచి చూడకుండానే చూశామని చెప్పే వంటవాళ్ళు నా కిచెన్‌లో నలుగురున్నారు. అయిదో మనిషి నాకొద్దు.”

అతను మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగాక కాసులమ్మ ఫోన్ తీసి హైదరాబాదులోని పాత రెస్టారెంటుకు చేసింది. “అన్నా, నేను రావట్లేదు. అక్కడ నా కత్తి ఉంది కదా, అది కొత్తగా వచ్చినోళ్ళకి ఇచ్చెయ్యండి” అని పెట్టేసింది. తర్వాత నావైపు తిరిగి, “మామ్మగారూ, రెండోసారి ఉప్పు సరిపోయిందా?” అంది. ఒక్క ఉప్పుకల్లు తక్కువైందన్నాను. గోడకున్న క్యాలెండరు మీద రాసుకుంది.

సాయంత్రం నాలుగింటి ఆర్టీసీ బస్సులో ఘాట్ రోడ్డు దిగుతూ హరిణి నా తీర్పు అడిగింది. విశాఖ తీర్పును కొట్టేశానని చెప్పాను. సుషి మంచి వంటే. అందులో చేతి తప్పు దాచడానికి మసాలా ఉండదు, అన్నం, పులుపు, ఉప్పు బయటపడి నిలుస్తాయి. అలాంటి వంటను నోటికి తగిలించకుండా చేయబూనడం మూర్ఖత్వమని మధ్యాహ్నం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. తొమ్మిది రోజులు ఆగడం వల్ల ఆ అమ్మాయికి కొట్టే పోయి ఉండేది, అయినా బేరమాడలేదు. నా పులిహోర ఎవరి జీవనాన్నీ పణంగా పెట్టలేదు కదా. ఇక వెళ్ళబోయేవాళ్ళకు ఒక్క సలహా: మామిడి కొత్త అయ్యేలోపు వెళ్తే, తిన్నాక “బాగుంది” అని లేచి రాకండి. పులుపెంత, ఉప్పెంత, వగరుందా లేదా, గట్టు దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి రండి. ఆ రోజుల్లో ఆ వంటింట్లో పనిచేసే నాలుక మీదొక్కటే.