సగటు తీసిన నిజం

తిరుపతిలో మా గడియారాల ల్యాబులో ఒక సీనియర్ ఉండేవారు. ఏదైనా సరిగ్గా ఉందని ఎవరు చెప్పినా ఆయన అడిగేది ఒకటే: "దేంతో పోల్చి సెప్తా ఉండావప్పా?"

మా అణు గడియారాన్ని దూరాన ఉన్న మరో గడియారంతో రెండు పద్ధతుల్లో సరిచూసేవాళ్ళం. ఒకే ఉపగ్రహం సంకేతాన్ని రెండు చోట్లా ఒకేసారి అందుకోవడం ఒకటి. ఉపగ్రహం మీదుగా ఒకరికొకరు సంకేతాలు పంపుకోవడం రెండోది. ఒక వేసవిలో ఆ రెండింటికీ పొంతన కుదరలేదు.

"సగటు తీసి పంపించేయండప్పా, సాయంత్రానికి రిపోర్టు పోవాల" అన్నాడు మా అధికారి.

సీనియర్ ముఖం ఎర్రబడింది. "ఇద్దురు సాక్షులు రెండు మాటలు సెప్తే, సగం సగం కలిపితే నిజమైపోతాదా సార్? కోతులు కొరికినాయని మిద్దె మీద మొదటి పద్ధతి యాంటెనా కేబుల్ మార్చినారు. కొత్తది పొడుగుండాది. మిగిలింది చుట్ట చుట్టి పెట్టినారే గానీ, దాంట్లో సంకేతం ఎంత ఆలస్యమైతాదో ఎవురన్నా కొలిచినారా?"

ఎవరూ కొలవలేదు. సగటే వెళ్ళింది. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన రిటైరైన రోజు అదే అధికారి ఆయనకు శాలువా కప్పి, "ఇంత నిజాయితీ గల మనిషిని నేను చూడలేదు" అన్నాడు. ఆయన శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, మైకు అందుకుని అడిగారు.

"దేంతో పోల్చి సెప్తా ఉండారు సార్?"