జతలో సగం

నలభై డాలర్ల జతని విడగొట్టి, అందులో మంచి బొమ్మ ఒక్కటే పన్నెండుకి కొట్టేసిన ఘనుణ్ని నేను. బట్టల కొట్టులో పుట్టి పెరిగినవాణ్ని మరి.

ఎనభైల మొదట్లో, అమెరికాలో షాంటిలీ అనే ఊళ్లో ఒక శనివారం పొద్దున్నే, ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గ్యారేజ్ సేల్‌కి వెళ్లాను. అమ్మేది భర్త పోయిన ముసలావిడ. మర్నాటికల్లా ఇల్లు ఖాళీ చేయాలట. బల్లమీద రెండు పాత యూరప్ బొమ్మలు, రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసినవి. మొదటిదాంట్లో, ఓడ దిగిన దొరలకి ఈకల కిరీటాల జనం పళ్లూ చేపలూ అందిస్తున్నారు. రెండోదాంట్లో అవే పళ్లబుట్టలు బోర్లాపడి ఉన్నాయి. అదే జనం మీదికి దొరలు వేటకుక్కల్ని వదిలారు. ఒక కుక్క నోట్లో చెయ్యి ఉంది, మనిషి లేడు.

"రెండూ కలిపే అమ్ముతాను. మొదటిది ఒక్కటే చూస్తే అబద్ధమైపోతుందనేవాడు మా ఆయన," అందావిడ.

"ఈ కుక్కల్ని హాల్లో ఎవరు పెట్టుకుంటారండీ? మంచిది ఒక్కటీ పన్నెండు," అని కారు వైపు నడిచాను. మా కొట్టుకొచ్చే బేరగాళ్ల నడక అది. కాళ్లు ముందుకి, చెవులు వెనక్కి. ఐదో అడుగులో పిలిచింది. బొమ్మ నా చేతికిచ్చాక కూడా ఆవిడ దాని అంచు వెంటనే వదల్లేదు. ముసలితనం అనుకున్నాను. అలా అనుకుంటే నాకు చవక.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. నా అసలు ఎత్తు అదే: ఒంటిగా మిగిలినదాన్ని ఎవరూ కొనరు, మూడు డాలర్లకి దిగుతుంది. నిజంగానే ఎవరూ కొనలేదు.

"డబ్బులొద్దు, తీసుకెళ్లు. ఆ మొదటిది తెచ్చి, రెండూ పక్కపక్కన ఒక్కసారి నాకు చూపించు, చాలు," అంది.

ఊరికే ఇస్తానంటే మా వంశంలో ఎవరికైనా దడే. మొదటిది లాక్కోవడానికే అనుకున్నాను. అది నా కారు డిక్కీలోనే ఉంది.

"ఇంట్లో ఉండిపోయిందండీ. మూడు డాలర్లు, ఇష్టమైతే ఇవ్వండి," అని మళ్లీ అదే నడక. ఐదు, ఆరు, ఏడు అడుగులు. పిలుపు రాలేదు. కాగితం చిరిగిన చప్పుడు వచ్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"ఊరికే ఇస్తానన్నది కూడా తెచ్చుకోలేకపోయారు, మహా బేరగాడు!" అంది మా ఆవిడ, జరిగింది విని.

తర్వాత చాలా ఏళ్లు, ఇంటికొచ్చినవాళ్లకి మా అమ్మాయి ఆ బొమ్మ చూపించేది: "చూడండి అంకుల్, వాళ్లు ఫ్రెండ్స్ అయ్యారు." నేను పక్కనే కూర్చుని తలూపేవాణ్ని.

ఇక లెక్క. బొమ్మ పన్నెండు, ఫ్రేము పద్దెనిమిది. ముప్పై డాలర్లకి గోడమీద ఒక అబద్ధం. రెండోదానికి నాకు పైసా కాలేదు. ఆ ఖర్చంతా ఆవిడే పెట్టుకుంది.