పర్లేదుకు గడి లేదు

అక్క పోయిందని ఒక పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. నేను గోడౌన్‌లో కార్ల సీట్లు ట్రాలీకి ఎక్కిస్తున్నాను. "నిన్న సాయంత్రం, ఆసుపత్రిల. నీకు చెప్పుమన్నది," అని ఆగిపోయాడు. ఆయన ఎలా ఉన్నాడో అడగబోయి మానేశాను. ఆ ప్రశ్న ఎలా అడగాలో తెలిసిన మనిషి ఆమే.

సొంత అక్క కాదు. జర్మనీలో మా ఊరు ఇంగోల్‌స్టాట్‌లోని తెలుగువాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. ఎరిగినవాళ్లు ఆ సంగతి బయట చెప్పుకోరు. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నలను తెలుగులోకి మార్చి, అవి మనవాళ్ల బాధను సరిగ్గా పట్టుకుంటాయా లేదా అని ఇక్కడి ఆసుపత్రిలో ఒక పరిశోధన జరిగేది. మనుషులను ఎదురుగా కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు అడగడం ఆమె పని. ఇక్కడి బడి మధ్యలో మానేసి, ఏ పనిలోనూ నిలవక, తిండీ నిద్రా లేకుండా తిరుగుతున్న నన్ను మా డాక్టర్ అక్కడికి పంపింది.

"ఈమధ్య మీకు నిద్ర ఎలా పడుతోంది?" అని కాగితంలో ఉన్నట్టే చదివింది.

"పర్లేదక్కా."

"ఆకలి ఎలా ఉంటోంది?"

"పర్లేదు."

పెన్ను కింద పెట్టింది. "తమ్ముడూ, ఈ కాయితంల పర్లేదుకు గడి లేదు. మనోళ్లందరు గిదే చెప్తున్నరు. మా ప్రొఫెసర్ చూసి, తెలుగోళ్లకు అసలు రోగాలే రావా అంటున్నడు."

చాలా రోజుల తర్వాత నవ్వాను.

ప్రశ్నలో మాట మార్చకూడదు, జవాబు అందించకూడదు. అందరినీ ఒకేలా అడిగితేనే అది కొలత. నేను తడబడితే అదే వాక్యాన్ని అదే గొంతుతో మళ్లీ చదివేది. కొన్ని మాత్రం అడిగేవి కావు, చూసి రాసుకునేవి. టేబుల్ కింద నా కాలు ఎప్పుడూ ఊగుతుండేది. చేత్తో ఒత్తి పట్టుకుంటే, "ఆపకు. ఊగనీ. నాకు కనబడాలె," అనేది. ఇంట్లో, బళ్లో అందరూ తిట్టిన కాలు అది.

బతకకపోతేనే మేలని అనిపించిందా అన్న ప్రశ్నకు ప్రతిసారీ లేదనేవాణ్ని. ఒక అపాయింట్‌మెంట్‌లో ఆ ‘లేదు’ నోట్లోంచి రాలేదు. ఆమె మళ్లీ చదివింది. ఎదురుచూసింది.

"చెప్తే బాపుకు తెలుస్తదా?"

"నేనైతే చెప్ప. డాక్టర్‌కు మాత్రం ఇప్పుడే చెప్పాలె. అది దాచిపెట్ట."

"నన్ను ఆసుపత్రిల ఏస్తరా?"

"ఏం చేస్తరో నీతోనే మాట్లాడతరు. నేను పక్కనే కూసుంట. నువ్వు అబద్ధమాడితే నాకు తెల్వది తమ్ముడూ. నాకు గదే భయం."

అనిపించిందన్నాను. ఆమె గడిలో గీత పెట్టి, లేచి, కారిడార్ చివరిదాకా నా పక్కనే నడిచింది. డాక్టర్ మాట్లాడినంతసేపూ గోడవారగా కూర్చుంది. నేనీవేళ ఇది రాస్తున్నానంటే ఆ నడక వల్లే.

మందులు మొదలయ్యాయి. కొన్ని నెలలకు, "బాగైనట్టేనా?" అని అడిగాను. "నంబర్ తగ్గింది. బాగైందా లేదా నువ్వే చెప్పాలె," అంది. ఊరికే ధైర్యం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

తర్వాత ఆమెకే కాన్సర్ వచ్చింది. అడిగేవాళ్లు లేక తెలుగు ప్రశ్నల పని ఆగిపోయింది. ఆసుపత్రికి వెళ్లాను. మంచంలో సగమైంది.

"ఎట్లుందక్కా?"

"పర్లేదురా."

"దానికి గడి లేదన్నవ్ గదా."

నవ్వబోతే దగ్గొచ్చింది. నీళ్లు తాగించాను. "అయితే సక్కగ అడుగు. చదివినట్టే," అంది.

"ఈమధ్య మీకు నిద్ర ఎలా పడుతోంది?"

"పడ్తలేదు. నొప్పి. కండ్లు మూస్తే భయమైతుంది." దుప్పటి పైకి లాక్కుంది. "బావకు పర్లేదనే చెప్పిన. నువ్వు చెప్పకు, నేనే చెప్త."

చెప్పిందో లేదో తెలియదు. బావను నేను అడగలేదు.

బావ ఫోన్ చేసిన వారానికి, దహనానికి ముందు హాల్లో కుర్చీలు వేశారు. మొదటి వరసలో బావ. ఎవరు పలకరించినా, "పర్లేదు, పర్లేదు," అంటున్నాడు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. పెట్టె మూసే ఉంది. కుర్చీ కింద నా కాలు ఊగుతోంది. చెయ్యి వేసి ఆపలేదు. కాసేపటికి చూస్తే, బావ కాలు కూడా ఊగుతోంది.